ఎముక వదలని గాజు

1931లో హోండురస్‌లోని ఉలువా నది లోయలో తవ్వకాలు జరుపుతున్న పోపెనో దంపతులకు ఒక పాత కింది దవడ ముక్క దొరికింది. అది క్రీ.శ. 600 ప్రాంతం నాటిదని, మాయా ప్రజలదని అంచనా వేశారు. ముందు పళ్లు మూడు లేని చోట, పన్ను ఆకారంలో అరగదీసిన సముద్రపు చిప్ప ముక్కలు మూడు బిగించి ఉన్నాయి. చనిపోయాక అలంకారంగా పెట్టి ఉంటారని చాలాకాలం అనుకున్నారు. 1970లో బ్రెజిల్ దంతవైద్య ఆచార్యుడు అమాదియో బాబియో ఎక్స్‌రేలు తీసి చూస్తే, రెండు ముక్కల చుట్టూ గట్టి ఎముక పెరిగి కనిపించింది. అంటే మనిషి బతికుండగానే ఆ ముక్కలు దవడలోకి వెళ్లాయి. ఎముక వాటిని తనలోకి రానిచ్చింది.

పన్ను పోయిన చోట ఏదో ఒకటి పెట్టాలన్న ఆరాటం అంత పాతది. నోట్లో ఖాళీ ఒక్కటే దానికి కారణం కాదు. పన్ను పోతే, దాన్ని పట్టుకుని ఉన్న ఎముక కూడా మెల్లగా కరిగిపోతుంది. పళ్లన్నీ ఊడిన పెద్దవాళ్ల బుగ్గలు లోపలికి పోయి, గడ్డం ముక్కుకు దగ్గరైనట్టు కనిపించేది అందుకే. కొత్తలో బిగుతుగా కూర్చున్న కట్టుడు పళ్ల సెట్టు కొన్నేళ్లకు వదులై, మాట్లాడుతుంటే జారేదీ అందుకే.

నిజానికి పన్ను పీకిన గుంట తనంతట తానే పూడుతుంది. నిమిషాల్లో రక్తం గడ్డకట్టి గుంటను కప్పుతుంది. వారం తిరిగేసరికి ఆ గడ్డలోకి రక్తనాళాలు, లేత కణజాలం పాకుతాయి. రెండు నెలలకు లోపల చాలావరకు లేత ఎముక అల్లుకుంటుంది. గట్టిగా పుక్కిలించొద్దని, సిగరెట్ ముట్టొద్దని డెంటిస్టు పదేపదే చెప్పేది మొదటిరోజు గడ్డ కోసమే. అది ఊడిపోతే గుంటలో ఎముక బయటపడి, నరకం చూపించే ‘డ్రై సాకెట్’ వస్తుంది.

అసలు నష్టం గుంట లోపల కాదు, గోడకు. పెదవి వైపున్న గోడ చాలా పలుచన; ముందు పళ్ల దగ్గర చాలామందిలో ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. దాని పై అంచు పంటి వేరు పీచులను పట్టుకోవడానికే ఏర్పడిన ఎముక. పన్ను పోయాక దానికి పనిలేదు. 2005లో మౌరీసియో అరావుజో, యాన్ లిండే కుక్కల మీద చేసిన పరిశోధనలో ఆ అంచు ఎనిమిది వారాల్లోనే కరిగిపోవడం చూశారు. అంతకు రెండేళ్ల ముందు డెన్మార్క్‌లో లార్స్ ష్రాప్ బృందం, దవడ పళ్లు పీకించుకున్న 46 మందిని ఏడాది పాటు గమనించింది. సగటున 12 మిల్లీమీటర్లున్న వెడల్పు 5.9కి పడిపోయింది. ఆ తరుగుదలలో మూడింట రెండొంతులు మొదటి మూడు నెలల్లోనే జరిగింది. అక్కడ తర్వాత పోయిన పంటికి బదులు ఎముకలో ఇంప్లాంట్ స్క్రూ బిగించాలంటే చుట్టూ ఎముక చాలదు.

ఎముకలో ఖాళీని పూడ్చే ప్రయత్నాలకు దంతవైద్యులకంటే ముందు సర్జన్లే దిగారు. 1880 ప్రాంతంలో గ్లాస్గోలో విలియం మెక్‌ఈవెన్, చీము పట్టి చేతి ఎముక పోగొట్టుకున్న ఒక చిన్న పిల్లవాడికి, రికెట్స్ ఉన్న ఇతర పిల్లల కాళ్లను సరిచేసేటప్పుడు తీసిన ఎముక ముక్కలను అమర్చి చేతిని నిలబెట్టాడు. 1892లో జర్మనీలో డ్రీస్‌మాన్ ఎముక గుంటల్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నింపాడు. ఆ తర్వాత ఎన్నెన్నో పదార్థాలు వచ్చాయి. వాటిలో చాలావాటి దగ్గర శరీరం ఒకే రకంగా ప్రవర్తించింది: పరాయి వస్తువు చుట్టూ పలుచని పీచు తొడుగు అల్లి, దాన్ని తనకు దూరంగా ఉంచింది. తొడుగు వదులైతే లోపలి వస్తువు కదిలేది.

ఆ తొడుగు లేకుండా ఎముకకు నేరుగా అతుక్కునే పదార్థం గాజు రూపంలో వస్తుందని ఎవరూ ఊహించలేదు. దాని కథ 1967లో ఒక బస్సులో మొదలైంది.

ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో సిరామిక్స్ బోధించే లారీ హెంచ్, న్యూయార్క్ రాష్ట్రంలోని సాగమోర్‌లో సైన్యం నిర్వహిస్తున్న పదార్థశాస్త్ర సదస్సుకు వెళ్తున్నాడు. పక్క సీట్లో వియత్నాం నుంచి అప్పుడే తిరిగొచ్చిన సైనిక వైద్య విభాగపు కర్నల్ కూర్చున్నాడు. రేడియేషన్‌కు తట్టుకునే గాజు గురించి హెంచ్ చెబుతుంటే, కర్నల్ వేరే సంగతి అడిగాడు: మనిషి శరీరంలో పెట్టినా తట్టుకునే పదార్థం చేయగలరా? లోహాలను, ప్లాస్టిక్‌ను ఒళ్లు ఒప్పుకోక, యుద్ధంలో కుర్రాళ్లు చేతులు కాళ్లు పోగొట్టుకుంటున్నారన్నది ఆయన బాధ.

హెంచ్ ఎముకల డాక్టరు కాదు. బహుశా అందుకే ప్రశ్నను తిరగేసి చూడగలిగాడు. అప్పటిదాకా అందరూ శరీరంతో ఏ చర్యా జరపని పదార్థం కోసం వెతికారు. ఎముకలోని ఖనిజం హైడ్రాక్సీ అపటైట్. దాంట్లో ఉండేది కాల్షియం, ఫాస్ఫేట్. ఒంట్లోకి వెళ్లాక తన పైపొర మీద అదే ఖనిజాన్ని పుట్టించుకునే పదార్థమైతే ఎముక దాన్ని తనదిగానే భావించవచ్చు కదా అనుకున్నాడు. బరువులో నూటికి 45 వంతులు సిలికా, 24.5 సోడియం ఆక్సైడ్, 24.5 కాల్షియం ఆక్సైడ్, 6 ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ కలిపి కరిగించాడు. కిటికీ అద్దంలో సిలికా 70 శాతం దాటుతుంది, అందుకే వానలో తడిసినా చెక్కుచెదరదు. ఈ గాజు మాత్రం కావాలనే బలహీనంగా చేసినది. తడి తగలగానే సోడియం బయటకు జారుతుంది, పైన జిగురులాంటి సిలికా పొర ఏర్పడుతుంది, దాని మీద కాల్షియం ఫాస్ఫేట్ పేరుకుని ఎముక ఖనిజంగా గడ్డకడుతుంది. ఆ పొరలోకి చుట్టుపక్కల కొల్లాజెన్ పీచులు చొచ్చుకుపోతాయి.

1969లో టెడ్ గ్రీన్లీ అనే సర్జన్ ఆ గాజు పలకలను ఎలుకల తొడ ఎముకల్లో పెట్టాడు. ఆరు వారాల తర్వాత తీయబోతే రాలేదు. లాగాడు, నెట్టాడు, ఎముక విరిగేలా ఉంది కానీ గాజు ఊడలేదు. బయోగ్లాస్‌గా పేరుపడిన ఆ పదార్థం మొదట వాడుకలోకి వచ్చింది చెవిలో: 1985లో, మధ్య చెవిలోని చిన్న ఎముకలకు బదులుగా. 1988లో పంటి వంతు వచ్చింది. పన్ను పీకిన వెంటనే గుంటలో దించే గాజు శంకువులు అమెరికాలో మార్కెట్‌లోకి వచ్చాయి. కట్టుడు పళ్ల సెట్టు కూర్చునే ఎముక గట్టు కరగకుండా నిలపడం వాటి పని. హెంచ్ భార్య, పరిశోధకురాలు జూన్ విల్సన్ కృషి ఈ పనిలో చాలా ఉంది.

అయితే అప్పటికే స్వీడన్‌కు చెందిన బ్రానెమార్క్ టైటానియం ఇంప్లాంట్లు ప్రపంచమంతా పాకుతున్నాయి. గట్టు మధ్యలో గట్టి గాజు శంకువు కూర్చుని ఉంటే స్క్రూ బిగించేదెక్కడ? అందుకని 1993 నుంచి గాజును సన్నని రవ్వగా అమ్మడం మొదలైంది. బీర తీగకు పందిరి ఎలాగో, కొత్త ఎముకకు ఆ రవ్వ అలాగ. ఎముక పాకి అల్లుకునేదాకా చోటు నిలబెడుతుంది, తర్వాత మెల్లగా కరుగుతుంది. అంతేకాదు, కరిగే గాజు నుంచి వచ్చే సిలికాన్, కాల్షియం అయాన్లు ఎముక కణాల్లో జన్యువులను మేల్కొలుపుతాయని 2000 ప్రాంతంలో లండన్ ఇంపీరియల్ కాలేజీలో హెంచ్, జూలియా పోలాక్ బృందం చూపింది. పళ్లు జివ్వుమనేవారి కోసం అదే గాజును మెత్తని పొడి చేసి టూత్‌పేస్టుల్లోనూ కలిపారు. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ కూడా అలాంటి పేస్టు ఒకటి తెచ్చింది. 

ఇంకో దారి ఎముక నుంచే వచ్చింది. 1965లో లాస్ ఏంజెలిస్‌లో మార్షల్ యూరిస్ట్, ఖనిజం తీసేసిన ఎముక ముక్కను కుందేలు కండరంలో పెడితే, అక్కడ కొత్త ఎముక పుట్టింది. ఎముకలో దాగిన ఏదో ప్రోటీన్ కణాలకు పని చెబుతోందన్నమాట. దాన్ని వెంటాడినవారిలో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసి అమెరికా వెళ్లిన హరి రెడ్డి ముఖ్యుడు. నోబెల్ గ్రహీత చార్లెస్ హగ్గిన్స్‌తో కలిసి 1972లో ఆయన, అలా ఎముక పుట్టే పరిణామం ఏ రోజున ఏ దశకు చేరుతుందో వరసగా చూపించాడు. ఆ ప్రోటీన్లలో ఒకదాన్ని కొల్లాజెన్ స్పాంజికి పట్టించి పన్ను గుంటలో వాడటానికి 2007లో అమెరికా ఔషధ సంస్థ అనుమతిచ్చింది. ఇటు ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1988లో టిష్యూ బ్యాంకు పెట్టింది. దాతల ఎముకను శుద్ధిచేసి, గామా కిరణాలతో క్రిములను చంపి, పొడిగా ఇస్తుంది. మన దంత కళాశాలల్లోనూ చిగుళ్ల వైద్యులకు ఈ పొడి బాగా తెలుసు.

ఇవాళ డెంటల్ క్లినిక్‌లో ‘బోన్ గ్రాఫ్ట్ వేస్తాం’ అన్నప్పుడు ఆ చిన్న సీసాలో ఉన్నది మనిషి ఎముక కావచ్చు, పంది ఎముక కావచ్చు, గాజు కావచ్చు, ప్రయోగశాలలో చేసిన కాల్షియం ఫాస్ఫేట్ కావచ్చు. ప్రపంచంలో ఎక్కువగా వాడేవాటిలో ఒకటి ఆవు జాతి ఎముక నుంచి కొవ్వు, ప్రోటీన్ అంతా తీసేసి మిగిల్చిన ఖనిజం. ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడం రోగి హక్కు. అడగకముందే చెప్పడం డాక్టరు ధర్మం. జంతువు ఎముకను మనిషికి పెట్టడం మీద వివాదం కొత్తదేమీ కాదు. డచ్ సర్జన్ యోబ్ వాన్ మీకెరెన్ చనిపోయాక 1668లో అచ్చయిన పుస్తకంలో ఒక ఉదంతం ఉంది. రష్యాలో ఒక సైనికుడి పుర్రెలో ఏర్పడిన లోటును కుక్క పుర్రె ముక్కతో పూడ్చారని, చర్చి అతన్ని వెలివేసిందని, తీసేయమని అతను వెళ్లేసరికి ఆ ముక్క అతుక్కుపోయిందని ఆయన విన్నదాన్ని రాశాడు. ఆవు, పంది అన్న మాటలు ఎంతో బరువున్న మన దేశంలో ఆ సంగతి సంతకం పెట్టించుకునే కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటే చాలదు. రోగికి తెలిసిన భాషలో నోటితో చెప్పాలి. వద్దంటే గాజు, కృత్రిమ ఖనిజం ఉన్నాయి. రోగి సొంత రక్తాన్నే పది పన్నెండు నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తీసే ఫైబ్రిన్ పొర కూడా ఉంది. 2001లో ఫ్రాన్స్‌లో జోసెఫ్ చుక్రూన్ బృందం ఆ పద్ధతిని చూపింది.

వీటిలో ఏదీ గోడ కరగడాన్ని పూర్తిగా ఆపదు. పరిశోధనలన్నీ కలిపి చూస్తే, గ్రాఫ్ట్ వేసినచోట వెయ్యని చోటుకంటే సగటున ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల వెడల్పు ఎక్కువ మిగులుతోంది. ముందు పంటి దగ్గర ఇంప్లాంట్ పెట్టాలనుకునేవారికి అది పెద్ద తేడా. జ్ఞానదంతం తీయించుకుని అక్కడ మరే పన్నూ పెట్టించుకోనివారికి చాలావరకు ఆ ఖర్చు అక్కర్లేదు. గ్రాఫ్ట్ వేశాక ఇంప్లాంట్ కోసం సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలలు ఆగమంటారు, ఆ రవ్వ మధ్యలోకి సొంత ఎముక పాకి గట్టిపడటానికి.