కరువు సాయం నుంచి పొదుపు సంఘం దాకా: పశ్చిమ ప్రకాశం అనుభవం

తుపానుకు, భూకంపానికి ఒక తేదీ ఉంటుంది, కరువుకు ఉండదు. మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాల పేదరిక చరిత్రను పరిశీలించేటప్పుడు ఈ భేదాన్ని గుర్తించాలి. ఇక్కడ విపత్తు, పునర్నిర్మాణం పక్కపక్కనే సాగుతూ వచ్చాయి.

1970లో కొత్త జిల్లా ఏర్పడేవరకు ఈ ప్రాంతం కర్నూలు జిల్లాలో ఉండేది. 1876-78 నాటి ధాత కరువులో మద్రాసు రాజధానిలో తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. గుండ్లకమ్మపై విజయనగర కాలంలో నిర్మించిన కంభం చెరువు తన ఆయకట్టుకే ఆధారం. చుట్టూ ఉన్న మెట్టభూములకు వానే దిక్కు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ సిఫార్సుపై కరువు పనుల్లో కూలీకిచ్చే ధాన్యాన్ని రోజుకు ఒక పౌనుకు తగ్గించారు. ప్రాణం నిలవడానికి కనీసం ఎంత చాలునన్నదే నాటి పాలనా దృష్టి. ఆ లెక్కను నిర్ణయించడంలో బాధితులకు ప్రమేయం లేదు.

వాన లేని ఏడు కూడా కూలి ఇచ్చింది మార్కాపురం పలకల పరిశ్రమ. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ ఆధారమూ బలహీనపడింది.

ఈ నేపథ్యంలో మహిళా పొదుపు సంఘాల ప్రాధాన్యం స్పష్టమవుతుంది. 1982లో ఆరంభమైన డ్వాక్రా పథకానికి రాష్ట్రంలో ఊపునిచ్చింది పొరుగున నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి 1992లో వ్యాపించిన సారా వ్యతిరేకోద్యమం. సారాకు పోయే సొమ్ములో రోజుకొక రూపాయి దాచడం సంఘ నియమమైంది. 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఈ సంఘాలను గ్రామ, మండల, జిల్లా సమాఖ్యలుగా కూర్చింది. అప్పు ఎవరికి ముందు అవసరమో సభ్యులే తేల్చుకోవడం ధాత కరువు నాటి సాయానికి పూర్తిగా భిన్నమైన పద్ధతి. 2005 ఉపాధి హామీ చట్టం కరువు పనిని దయ నుంచి హక్కుగా మార్చింది.

అయితే అప్పు నీటికి ప్రత్యామ్నాయం కాదు. సంఘం ఇచ్చిన రుణంతో కొన్న గేదెకు మేత కావాలి. వేసిన బోరు ఎండితే బాకీ మాత్రమే మిగులుతుంది. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడిపై 2010లో రాష్ట్రం ఆర్డినెన్స్ తేవలసి రావడం అప్పుకున్న ఈ రెండో ముఖాన్ని చూపింది. లోతైన బోర్ల నీటిలో ఫ్లోరైడ్ ఆరోగ్యాన్నీ సంపాదననూ హరిస్తున్నది. శ్రీశైలం జలాశయపు వరదనీటిని సొరంగాల ద్వారా తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లోనే శంకుస్థాపన జరిగింది.

కనుక పశ్చిమ ప్రకాశంలో సాధికారతను పొదుపు మొత్తాలతోనో రుణాల వసూలు శాతంతోనో కొలవడం అసంపూర్ణం. వాన తప్పిన మరుసటి ఏడు వలస పోకుండా ఊళ్లో నిలిచిన కుటుంబాలెన్ని అన్నదే సరైన కొలమానం.