సిటీ చూడాలంటే భయమా? ఫిర్యాదుకు ‘పరిధి’ అడ్డు కాదు

వెలిగండ్ల నుంచి బతుకుదెరువుకు వచ్చి హైదరాబాద్ శివార్లలో ఉంటున్నారా? చార్మినార్, ట్యాంక్‌బండ్ చూడాలని ఉన్నా, ‘ఏదైనా జరిగితే కొత్తవాళ్ల గోడు ఎవరు వింటారు?’ అని ఆగిపోతున్నారా? ఇవి తెలుసుకుని ధైర్యంగా వెళ్లండి.

ఆపద వస్తే: వెంటనే 112కు ఫోన్ చేయండి. మహిళలను వేధిస్తే షీ టీమ్స్‌కూ చెప్పొచ్చు. ఇవి 2014 నుంచి పనిచేస్తున్నాయి.

ఫిర్యాదు ఎక్కడ?: చార్మినార్ దగ్గర ఫోన్ కొట్టేసినా, మీ ఇంటి దగ్గరి స్టేషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. ‘మా పరిధి కాదు’ అని తిప్పి పంపకూడదు. జీరో ఎఫ్‌ఐఆర్ రాసి, సంబంధిత స్టేషన్‌కు పంపాలి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 173 ఇదే చెబుతోంది. నోటితో చెప్పినా రాసుకోవాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం.

తీసుకోకపోతే?: వివరాలు రాసి, పోస్టులో పోలీసు ఉన్నతాధికారికి పంపండి.