నాణెంపై కట్టడం: సూరత్ సిక్కా నుండి చార్మినార్ రూపాయి వరకు

శిలాశాసనాన్ని చదవాలంటే అది ఉన్న చోటికి మనం వెళ్ళాలి. నాణెం అలా కాదు. అది తానే ప్రజల చేతిలోకి నడచివచ్చే శాసనం. పాలకుని పేరు, పాలనా సంవత్సరం, టంకసాల ఉన్న నగరం పేరు ఆ చిన్న లోహపు బిళ్ళపై ఇమిడి ఉంటాయి. అయితే ఈ శాసనాన్ని చేతపట్టినవారిలో అధికసంఖ్యాకులు అక్షరజ్ఞానం లేనివారే. వారు దీనిని ఎట్లా చదివారు? సూరత్, హైదరాబాదు నగరాల నాణేలను పక్కపక్కన ఉంచి చూస్తే ఈ ప్రశ్నకు రెండు భిన్నమైన సమాధానాలు లభిస్తాయి.

అక్బరు 1573లో సూరత్‌ను జయించిన తర్వాత తపతీ తీరాన ఉన్న ఈ రేవుపట్టణం మొగలు సామ్రాజ్యానికి ముఖ్య సముద్రద్వారమైంది. హజ్ యాత్రికులు ఇక్కడినుండే ఓడలెక్కేవారు. మన వస్త్రాలకు, నీలిమందుకు, సుగంధద్రవ్యాలకు బదులుగా ఎర్రసముద్రం మీదుగానూ, ఐరోపా వర్తకుల ఓడలలోనూ వెండి దిగేది. అందులో చాలాభాగం స్పానిష్ అమెరికా గనులలో పుట్టినదే. విదేశీ నాణెం ఇక్కడ యథాతథంగా చెల్లేది కాదు. దానిని కరగించి, మొగలు ప్రమాణానికి సరిపోయే రూపాయిగా అచ్చువేయించుకోవలసిందే. ఆ పనికి సూరత్ టంకసాల పేరెన్నికగన్నది. అక్కడి రూపాయలపై పారశీకలిపిలో నగరం పేరు కనిపిస్తుంది. కొన్నింటిపై "బందరె ముబారక్", అనగా శుభప్రదమైన రేవు, అనే బిరుదు కూడ ఉన్నది.

ఆ రూపాయలపై ఉన్నదంతా అక్షరమే, బొమ్మ లేదు. జహంగీరు కాలంలో రాశిచక్ర చిహ్నాలతో వెలువడిన నాణేలు మొగలు సంప్రదాయంలో అపవాదమే గాని నియమం కాదు. తపతి ఒడ్డున పదహారవ శతాబ్దపు నడుమ గుజరాతు సుల్తానుల కాలంలో నిర్మించిన కోట నేటికీ ఉన్నది. కాని అది సూరత్ సిక్కాపైకి ఎక్కలేదు. కనుక సామాన్యుని తరఫున నాణెం చదివినవాడు షరాబు. అతడు తూకం చూసి, మోగించి, అవసరమైతే అంచున చిన్న ముద్రతో పొడిచి, వెండి మేలిమిని తేల్చేవాడు. కొత్తగా వెలువడిన సిక్కాకు పూర్తి విలువ ఉండేది. ఏళ్ళు గడచిన నాణేనికి కొంత వట్టం తీసివేసేవారు. అంటే నాణెంపై ఉన్న సంవత్సరాన్ని చదవలేనివాడు నష్టపోయే అవకాశం ఎల్లప్పుడూ ఉండేది. చాలా పాత రూపాయలపై కనిపించే షరాబు ముద్రలు ఈ చరిత్రకు సాక్ష్యాలే.

ఈస్టిండియా కంపెనీ 1759లో సూరత్ కోటను వశపరచుకొన్నది. 1800లో నగరపాలనను పూర్తిగా చేపట్టింది. అయినా నాణెంపై రెండవ షా ఆలం పేరును మాత్రం తొలగించలేదు. ఆ చక్రవర్తి 1806లో మరణించాడు. ఆ తరువాత రెండు దశాబ్దాలు దాటాక బొంబాయిలో యంత్రాలపై అచ్చైన రూపాయలపై సైతం అతని 46వ పాలనాసంవత్సరం, సూరత్ పేరు నిలిచి ఉన్నాయి. చక్రవర్తి లేడు, టంకసాల సూరత్‌లో లేదు. నమ్మకం పోకూడదని పేర్లను ఉంచారు. 1835లో కంపెనీ ఏకరూప నాణేలను ప్రవేశపెట్టడంతో ఆ పేరు కూడ మరుగున పడింది.

హైదరాబాదు కథ కొంతకాలం ఇదే దారిన నడచింది. 1857 తిరుగుబాటు వరకు ఆసఫ్ జాహీ నాణేలపై మొగలు చక్రవర్తుల పేర్లే ఉండేవి. అటుపిమ్మట వాటి స్థానంలో వంశస్థాపకుడైన నిజాముల్ముల్క్ ఆసఫ్ జాహ్ బిరుదనామం చేరింది. నగరానికి "ఫర్ఖుందా బున్యాద్", అనగా శుభప్రదమైన పునాది గలది, అనే విశేషణం ఉండేది. సూరత్ శుభమైన రేవు, హైదరాబాదు శుభమైన పునాది. రెండూ అక్షరాలలోనే ఉండిపోయిన శుభాలు.

ఇరవయ్యవ శతాబ్దారంభంలో, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, ఒక గొప్ప మార్పు వచ్చింది. 1903లో టంకసాల సైఫాబాదుకు చేరింది. యంత్రాలపై తయారైన కొత్త రూపాయి నడుమ చార్మినార్ వెలసింది. దాని ద్వారంలో పాలకుని పేరులోని తొలి అక్షరమైన "మీమ్" చెక్కారు. 1911లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కగానే అదే ద్వారంలో "ఐన్" అనే అక్షరం వచ్చింది. కట్టడం మారలేదు, గుమ్మంలోని అక్షరం మాత్రమే మారింది. ఇక్కడ గమనింపదగిన విశేషం మరొకటి ఉన్నది. చార్మినార్ ఆసఫ్ జాహీల కట్టడం కాదు; 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించినది. తమకు పూర్వం పాలించిన వంశపు నిర్మాణాన్ని తమ నాణెంపై ఉంచుకోవడమంటే, రాజ్యానికి గుర్తు వంశం కాదు, నగరమని అంగీకరించడమే.

పారశీకం రాని తెలుగు రైతుకు, మరాఠీ వర్తకునికి, కన్నడ కూలీకి చార్మినార్ తెలుసు. రూపాయి, అర్ధరూపాయి, పావలా, బేడ అన్నింటిపైనా అదే బొమ్మ. "హాలీ" సిక్కాను బ్రిటిషు "కల్దారు" నుండి ఒక్క చూపుతో వేరుచేయవచ్చు. ఆ భేదం చిన్నది కాదు. ఏడు హాలీ రూపాయలు దాదాపు ఆరు కల్దారు రూపాయలకు సమానం. సూరత్‌లో షరాబు చేసిన పనిలో కొంతభాగాన్ని ఇక్కడ కట్టడమే చేసింది. 1948లో సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైన తరువాత, 1950వ దశకంలో హాలీ సిక్కా చెలామణి ముగిసింది.

స్వతంత్ర భారతదేశం 1964లో నెహ్రూ స్మారక నాణేలతో ఒక కొత్త సంప్రదాయానికి శ్రీకారం చుట్టింది. కాలక్రమంలో కట్టడాలూ వాటిలో చేరాయి. తంజావూరు బృహదీశ్వరాలయ సహస్రాబ్ది సందర్భంగా 2010లో అయిదు రూపాయల నాణెం, పార్లమెంటు అరవై ఏళ్ళ సందర్భంగా 2012లో అయిదు, పది రూపాయల నాణేలు వెలువడినవి. ఇవి సామాన్యుని జేబులోకి వచ్చిన కట్టడాలు. 2023లో నూతన పార్లమెంటు భవనం గుర్తుగా వెలువడిన డెబ్బైఅయిదు రూపాయల నాణెం సేకర్తల కోసం విక్రయించినదే గాని బజారులో తిరిగేది కాదు.

అయితే నాటి చార్మినారుకు లభించిన నమ్మకం నేటి స్మారక చిత్రాలకు లభించిందా? పది రూపాయల నాణెం నకిలీదన్న వదంతితో ఎందరో వర్తకులు దానిని తిరస్కరించారు. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు, ఆ నాణెం అప్పటివరకు 14 నమూనాలలో వచ్చిందనీ, అన్నీ చెల్లుతాయనీ ప్రకటించవలసి వచ్చింది. నాలుగు దశాబ్దాలు మారని ఒకే కట్టడం జనానికి నమ్మకమైంది. సందర్భానికొకటిగా మారిన బొమ్మలు అనుమానానికి తావిచ్చాయి. స్మారక నాణేన్ని వెలువరించడంతో బాధ్యత తీరదు. ఆ బొమ్మ ఏమిటో, ఎందుకో ప్రజలకు తెలియజెప్పడం కూడ ఆ బాధ్యతలో భాగమే.

ఇక్కడే సేకర్త అవసరం కనిపిస్తుంది. చెలామణిలోని నాణెం అరుగుతుంది, కరుగుతుంది, ఒకనాడు రద్దవుతుంది. 2011 జూన్ నెలాఖరుతో పావలా చెలామణి ముగిసింది. బజారులో దొరికిన నాణేన్ని దొరికిన చోటు, తేదీ రాసి దాచినవాడు ఒక చిన్న పురాలేఖాగారాన్ని నిర్మిస్తున్నట్లే. చింతపండుతో తోమి మెరుగుపెడితే నాణెంపై కాలం వేసిన గుర్తులు చెరిగిపోతాయి. నూరేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. భూమిలో నిక్షేపంగా దొరికినదానిని 1878 చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి.

నేడు సూరత్ మరమగ్గాలపై తెలంగాణ నుండి వలసవచ్చిన నేత కుటుంబాలు పనిచేస్తున్నాయి. వారి పిల్లల కోసం అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను నడిపింది. ఆ తరగతిగదిలో ఒక సూరత్ సిక్కా చిత్రాన్నీ, ఒక చార్మినార్ రూపాయి చిత్రాన్నీ పక్కపక్కన ఉంచితే, ఉంటున్న ఊరి చరిత్రా, వచ్చిన ఊరి చరిత్రా ఒకే పాఠంగా బోధపడతాయి. హైదరాబాదు సైఫాబాదులోని పాత టంకసాల భవనంలో 2022లో ప్రారంభమైన ప్రదర్శనశాల ఇటువంటి పాఠాలకు ఆధారం కాగలదు. నాణెంపై కట్టడాన్ని చెక్కడం టంకసాల పని. ఆ కట్టడాన్ని మనసులలో నిలపడం విద్యాసాంస్కృతిక సంస్థల పని.