రేడియో పెట్టె నుంచి చేతిఫోను దాకా: కొల్లాపూర్ ప్రాంతపు మాధ్యమాల చరిత్ర

కృష్ణానదికి ఉత్తరాన, నల్లమల అడవులకు చేరువలో ఉన్న పట్టణం కొల్లాపూర్. సురభి వంశస్థులు ఏలిన జటప్రోలు సంస్థానానికి ఇదే రాజధాని. 2016 అక్టోబరు 11న నాగర్‌కర్నూల్ జిల్లా ఏర్పడే దాకా ఈ ప్రాంతం మహబూబ్‌నగర్ జిల్లాలో, జనం మాటలో పాలమూరులో, భాగంగా ఉండేది. వార్తను, పాటను, బొమ్మను మోసుకొచ్చే యంత్రాలు ఈ మెట్ట ప్రాంతానికి ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం బయటి గొంతును ఊళ్లోకి తెచ్చినవే. ఊరి గొంతును బయటికి చేర్చినవి రెండే: క్యాసెట్టు రికార్డరు, సెల్‌ఫోను. ఈ తేడాను పట్టుకుని చూస్తే పాలమూరు మాధ్యమాల చరిత్ర స్పష్టంగా అర్థమవుతుంది.

యంత్రాలకు ముందు

సంస్థానాల కాలంలో చదువుకున్నవారి సాహిత్యం రాజుల కొలువుల్లో పెరిగింది. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల లాగే జటప్రోలు కూడా కవులను, పండితులను పోషించింది. ఊళ్లలో మాత్రం కథకు, చరిత్రకు గాయకులే ఆధారం. శారదకథలవారు, బుడగజంగాలు, కిన్నెర వాయించే దక్కలి కళాకారులు ఊరూరా తిరిగి వీరగాథలు పాడేవారు. పాలమూరు జనం ఆరాధించే పండుగ సాయన్న కథ అలా నోటి మీదనే బతికింది. పాడేవారూ వినేవారూ ఒకే చోట కూర్చునేవారు. విన్నవాడు మధ్యలో అడగవచ్చు, మెచ్చుకోవచ్చు, గింజలో గుడ్డో ఇచ్చి పంపవచ్చు. తర్వాత వచ్చిన పెట్టెలు ఈ ముఖాముఖి సంబంధాన్ని తెంచాయి.

రేడియో రాక

హైదరాబాదు సంస్థానంలో మొదటి రేడియో కేంద్రం 1933లో ప్రైవేటు ప్రయత్నంగా మొదలైంది. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. దక్కన్ రేడియోగా పేరుపడిన ఆ కేంద్రంలో ఉర్దూదే పెద్దపీట. తెలుగు, కన్నడ, మరాఠీ కార్యక్రమాలకు కొంత చోటు దక్కింది. ఆనాటి వాల్వు రేడియో బరువైనది, ఖరీదైనది. దానికి కరెంటు కావాలి, లేదంటే పెద్ద బ్యాటరీ కావాలి. ఇంటి మీద ఏరియల్ తీగ కట్టాలి, సర్కారు లైసెన్సు తీసుకోవాలి. అందువల్ల జిల్లాల్లో అది దొరలు, అధికారులు, పెద్ద వ్యాపారుల ఇళ్లకే పరిమితమైంది. ఊళ్లో మిగిలినవారికి రేడియో వార్త ఆ ఇంటి నుంచి నోటిమాటగా చేరేది.

1948 సెప్టెంబరు 17న నిజాం తన సైన్యాల లొంగుబాటును ప్రకటించింది రేడియోలోనే. 1949లో జాగీర్ల రద్దుతో పాత సంస్థానాల పాలన ముగిసింది. 1950 ఏప్రిల్ 1న హైదరాబాదు కేంద్రం ఆలిండియా రేడియోలో కలిసింది. తెలుగు ప్రసారాలు క్రమంగా పెరిగాయి. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా తెలుగు పిల్లలకు దగ్గరయ్యారు. సర్కారు పంచాయతీలకు సామూహిక రేడియోలు ఇచ్చింది. సాయంత్రం పూట గ్రామస్థుల కార్యక్రమం వినడానికి జనం అక్కడ చేరేవారు.

ట్రాన్సిస్టరు

రేడియోను పేద ఇంటికి చేర్చింది ట్రాన్సిస్టరు. 1954లో అమెరికాలో మొదటి ట్రాన్సిస్టరు రేడియో అమ్మకానికి వచ్చింది. 1960లలో అది మన దేశంలో వ్యాపించింది. రెండు మూడు చిన్న బ్యాటరీలతో నడుస్తుంది కాబట్టి కరెంటు లేని పల్లెలోనూ, పొలం గట్టు మీదా, గొర్లమంద వెంటా పనిచేసింది. మెట్ట ప్రాంతానికి ఇది సరిగ్గా సరిపోయిన యంత్రం. 1957లో మొదలైన వివిధభారతి సినిమా పాటను, ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు రాజధాని సంగతులను, వ్యవసాయ కార్యక్రమాలు కొత్త విత్తనం, ఎరువుల మాటలను పల్లెకు తెచ్చాయి. చదవడం రానివారికి రోజూ అందిన మొదటి పత్రిక ట్రాన్సిస్టరే. రేడియోకు ఏటా పోస్టాఫీసులో కట్టే లైసెన్సు రుసుము 1980ల నడుమ పూర్తిగా రద్దయింది.

అయినా మాట్లాడేది రాజధానే. ఆకాశవాణి భాష కోస్తా పత్రికల తెలుగుకు దగ్గరగా ఉండేది. పాలమూరు మాట తీరు నాటకాల్లో, గ్రామీణ కార్యక్రమాల్లో అప్పుడప్పుడు వినిపించినా వార్తల పీటకు మాత్రం ఎక్కలేదు.

ఉపగ్రహం దించిన బొమ్మ

హైదరాబాదులో టీవీ కేంద్రం మొదలుకాక ముందే మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలు టీవీని చూశాయి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఇస్రో, అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కలిసి 'సైట్' అనే ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగం నడిపాయి. నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు ఇచ్చింది. ఆరు రాష్ట్రాల్లో 20 జిల్లాల నుంచి సుమారు 2,400 ఊళ్లను ఎంచుకున్నారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వంతుకు వచ్చిన జిల్లాల్లో హైదరాబాదు, మెదక్, కర్నూలుతో పాటు మహబూబ్‌నగర్ ఉంది. వెనుకబాటు ఆ ఎంపికకు ప్రధాన కొలమానం.

ప్రతి ఊళ్లో బడి దగ్గరో పంచాయతీ దగ్గరో సుమారు మూడు మీటర్ల వెడల్పున్న జాలీ యాంటెనా నిలిపారు. సెట్లను తయారుచేసింది హైదరాబాదులోని ఈసీఐఎల్. కార్యక్రమాలను ఢిల్లీ, కటక్, హైదరాబాదు కేంద్రాల్లో తీశారు; అహ్మదాబాదు నుంచి ఉపగ్రహానికి పంపారు. రోజుకు నాలుగు గంటల ప్రసారం: పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. ఒకే బొమ్మకు రెండు భాషల ధ్వనిని జత చేసి పంపే వీలుండడంతో తెలుగు, కన్నడ పల్లెలు ఒకే దృశ్యాన్ని ఎవరి భాషలో వారు వినగలిగాయి. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, బడి చదువు ప్రధాన విషయాలు.

ఏడాది గడవగానే ఉపగ్రహాన్ని నాసా వెనక్కి తీసుకుంది. పల్లెల్లో తెర మూగబోయింది. ఆ ప్రయోగం రెండు సంగతులు రుజువు చేసింది. దుమ్ములో, ఎండలో, కరెంటు సరిగా లేని చోట కూడా సున్నితమైన ఎలక్ట్రానిక్ యంత్రాన్ని నడపవచ్చు. సొంత భాషలో చెబితే అక్షరం రానివారు కూడా కొత్త విషయాన్ని శ్రద్ధగా వింటారు. దేశం తర్వాత నిర్మించిన ఇన్‌శాట్ ఉపగ్రహాలకు ఈ అనుభవమే పునాది. కానీ ప్రయోగానికి వేదికైన ఊళ్లలో చాలావాటికి టీవీ మళ్లీ రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇంటింటి టీవీ, కేబుల్

హైదరాబాదు దూరదర్శన్ 1977 అక్టోబరులో మొదలైంది. కొల్లాపూర్ రాజధానికి నూట యాభై కిలోమీటర్లకు పైగా దూరం; నేల మీది ప్రసారం అంత దూరం చేరదు. 1982లో ఆసియా క్రీడల సందర్భంగా రంగుల టీవీ వచ్చింది. 1984 నుంచి దేశమంతటా తక్కువ శక్తి ప్రసార కేంద్రాలు పెట్టడంతో జిల్లాలకు బొమ్మ చేరింది. అప్పటికీ ఎత్తయిన గొట్టానికి యాంటెనా కట్టి, గాలికి తిరిగినప్పుడల్లా ఒకరు పైకెక్కి సరిచేయాల్సి వచ్చేది.

1987 జనవరిలో ఆదివారం పొద్దున మొదలైన రామాయణం ధారావాహిక హిందీలో వచ్చినా తెలుగు పల్లెలు దాన్ని సొంతం చేసుకున్నాయి. టీవీ ఉన్న ఇల్లే వాడకు సినిమాహాలు. శుక్రవారం వచ్చే సినిమా పాటల కార్యక్రమం చిత్రలహరికి కూడా అంతే జనం. 1995లో జెమిని, ఈటీవీ చానళ్లు వచ్చాక కేబుల్ తీగ మండల కేంద్రాల నుంచి పల్లెలకు పాకింది. తెలుగు కార్యక్రమాలు రోజంతా దొరికాయి. ఒక్కో ఇంటికి ఒక్కో టీవీ రావడంతో వాడంతా కలిసి చూసే అలవాటు సన్నగిల్లింది. సైట్ ఆశయం మాత్రం చావలేదు. 2001లో ప్రభుత్వం ఉపగ్రహ విద్య కోసం మన టీవీ నెలకొల్పింది; అదే 2017లో టీ-శాట్‌గా మారింది. బడులు మూతపడిన 2020లో సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ పిల్లలకు పాఠాలు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా అందాయి. అంతకు నలభై అయిదేళ్ల ముందు ఈ జిల్లా పల్లెల్లో పరీక్షించిన పద్ధతికి అది కొనసాగింపు.

క్యాసెట్టు: ఊరి గొంతుకు మొదటి దారి

ఫిలిప్స్ సంస్థ 1963లో చూపిన చిన్న క్యాసెట్టు 1980లలో భారతదేశమంతా నిండింది. గ్రామఫోను రికార్డు తయారీకి పెద్ద కర్మాగారం, పెద్ద సంస్థ కావాలి. క్యాసెట్టుకు ఒక రికార్డరు, ఒక ఖాళీ టేపు చాలు. తక్కువ ఖర్చుతో వందల నకళ్లు తీయవచ్చు. రేడియోలో, టీవీలో ఏది రావాలో సర్కారు నిర్ణయించేది. క్యాసెట్టులో ఏది ఉండాలో పాడేవాడే నిర్ణయించుకున్నాడు.

తెలంగాణలో ఈ స్వేచ్ఛను మొదట గట్టిగా వాడుకున్నది జనం పాట. గద్దర్ పాటలు సభల్లో ఎంత వినిపించాయో టేపుల్లో అంతే వినిపించాయి. తెలకపల్లి మండలం గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న పాలమూరు కరువు, వలస, వాగు, వంక అన్నింటినీ పాటలో పెట్టాడు. ఆయన పాట 2002లో కుబుసం సినిమా ద్వారా రాష్ట్రమంతా వినిపించింది. వల్లంకి తాళం సంపుటికి 2021 సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. పొట్ట చేతబట్టుకుని పుణె, బొంబాయి వెళ్లిన పాలమూరు కూలీలకు సొంత యాస పాట టేపులో దొరకడం చిన్న విషయం కాదు. ప్రత్యేక తెలంగాణ రాష్ట్ర ఉద్యమ కాలంలో ధూంధాం సభల పాటలు టేపులుగా, తర్వాత సీడీలుగా తిరిగాయి. కోస్తా తెలుగు మాత్రమే ప్రమాణమన్న భావనను కదిలించడంలో ఈ చవక ప్లాస్టిక్ డబ్బాల పాత్ర పెద్దది.

సెల్‌ఫోను

1980ల చివరి నుంచి ఎస్టీడీ బూతులు పట్టణాలకు, మండలాలకు వచ్చాయి. వలస వెళ్లినవాడు ఊరి బూతుకు ఫోను చేస్తే, యజమాని మనిషిని పంపి ఇంటివారిని పిలిపించేవాడు. దేశంలో మొదటి సెల్‌ఫోను కాల్ 1995 జూలై 31న జరిగినా, అప్పట్లో వచ్చిన కాల్‌కు కూడా డబ్బు కట్టాలి. 2003లో వచ్చే కాల్స్ ఉచితం కావడంతో సామాన్యుడు ఫోను కొనగలిగాడు. అదే ఏడాది వచ్చిన నోకియా 1100 పల్లెకు తగిన యంత్రం: దుమ్ముకు తట్టుకునే మీటలు, రోజుల తరబడి నిలిచే చార్జింగు, రాత్రి బావి దగ్గర మోటారు వేయడానికి పనికొచ్చే టార్చిలైటు. పైసా ఖర్చు లేకుండా మిస్డ్ కాల్ ఇచ్చి కబురు చెప్పే పద్ధతిని జనమే కనిపెట్టారు. వలస కుటుంబానికి ఇది ఉత్తరాన్ని, బూతును రెండింటినీ తప్పించింది.

తర్వాత మెమరీ కార్డు వచ్చింది. మండల కేంద్రంలోని సెల్ దుకాణంలో కొద్ది డబ్బు ఇస్తే కార్డు నిండా పాటలు, సినిమాలు ఎక్కించి ఇచ్చేవారు. టేపు రికార్డరు, సీడీ ప్లేయరు, ట్రాన్సిస్టరు, కెమెరా, గడియారం అన్నీ ఒక్క ఫోనులో ఒదిగాయి. ఆయా వస్తువులను అమ్మే, బాగుచేసే దుకాణాలు సెల్ దుకాణాలుగా మారాయి.

చేతిలో తెర

2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలయ్యాయి. అంతకు ముందు ఒక జీబీ డేటాకు సుమారు 250 రూపాయలు అయ్యేది. ఆ ధర ఒక్కసారిగా కూలింది. టైపు చేయడం రానివారికి మాటతో వెతికే వీలు, వాట్సాప్‌లో గొంతు పంపే వీలు దొరికాయి. అక్షరం రానివారికి రేడియో వినికిడినిస్తే, స్మార్ట్‌ఫోను పలుకునిచ్చింది. క్యాసెట్టు తెరిచిన దారి ఇక్కడ రహదారి అయింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 2012లో మొదలైన మై విలేజ్ షో, పల్లె యాసలో పల్లె మనుషులే తీసే వీడియోలకు ప్రపంచమంతా ప్రేక్షకులున్నారని చూపించింది.

కొల్లాపూర్ చుట్టుపట్ల దీనికి గొప్ప ఉదాహరణ దర్శనం మొగులయ్య. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన ఆయన పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న, మియాసాబ్ కథలు పాడే కళాకారుడు. 2021 సెప్టెంబరులో యూట్యూబ్‌లో విడుదలైన భీమ్లా నాయక్ సినిమా పాటతో ఆయన గొంతును తెలుగువారంతా విన్నారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. ఊరూరా కాలినడకన తిరిగే కళ అరచేతి తెర మీదికి చేరింది. గుర్తింపు వచ్చినంత తేలికగా ఆ కళకు వారసులు రావడం లేదన్నది ఇందులోని అసలు కష్టం.

ఏ యంత్రమైనా ఈ ప్రాంతంలో నిలవడానికి మూడు సంగతులు కారణమయ్యాయి: కరెంటు మీద ఎంత ఆధారపడుతుంది, కొనడానికి ఎంత అవుతుంది, జనం భాష మాట్లాడుతుందా లేదా. ట్రాన్సిస్టరు మొదటి రెండింటిలో నెగ్గింది, క్యాసెట్టు మూడోదానిలో నెగ్గింది, సెల్‌ఫోను మూడింటిలోనూ నెగ్గింది. పాతవి పోయేటప్పుడు వాటిలోని సరుకు కూడా పోతుంది. ఊళ్లలో మిగిలిన టేపుల మీది పాటలు, కథలు బూజు పట్టి చెరిగిపోతున్నాయి. వాటిని వినిపించే రికార్డర్లు అరుదయ్యాయి. ఆ టేపులను డిజిటల్ రూపంలోకి మార్చి, పాడినవారి పేరు, ఊరు, కాలం రాసి గ్రంథాలయాల్లో, విశ్వవిద్యాలయాల్లో భద్రపరచడం ఇప్పుడు చేయాల్సిన పని. పనిచేసే రికార్డరు ఒకటి దొరికితే చాలు; మిగతా పనికి కావలసిన యంత్రం, సెల్‌ఫోను, ఇప్పటికే ఇంటింటా ఉంది.