లోహ ఇంప్లాంట్లపై సిరామిక్ పూతల పట్టు

తుంటి కీలు మార్పిడిలోనూ దంత ఇంప్లాంట్లలోనూ వాడే టైటానియం భాగాలపై కొన్నిసార్లు హైడ్రాక్సీ అపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్ సిరామిక్‌ను పూతగా వేస్తారు. ఎముకలోని ఖనిజానికి ఇది దగ్గరి పదార్థం కావడంతో ఎముక దీన్ని నేరుగా అంటుకుని పెరుగుతుంది. తొడ ఎముకలోకి దిగే కాడకు ఈ పూత వేసి, బోన్ సిమెంటు లేకుండా అమర్చడం 1980ల నడుమ మొదలైంది. బ్రిటన్‌లో ఫర్లాంగ్, నెదర్లాండ్స్‌లో గీసింక్ దీనికి ఆద్యులు. ఎముకతో పూత బాగానే కలిసింది. చిక్కల్లా పూతకూ లోహానికీ మధ్యనే.

ఎక్కువగా వాడే పద్ధతి ప్లాస్మా స్ప్రే. పదివేల డిగ్రీలు దాటిన ప్లాస్మా ధారలోకి సిరామిక్ పొడిని పంపితే, రేణువులు కరిగి లోహానికి తగిలి, చదునై, అక్కడే గడ్డకడతాయి. వీటి మధ్య రసాయన బంధం స్వల్పం. గిలాబా నిలవడానికి మేస్త్రీలు గోడకు గంట్లు కొట్టినట్టే, ఇక్కడ ముందుగా అల్యూమినా రేణువులను జల్లి లోహాన్ని గరుకు చేస్తారు. ఆ రేణువులు కొన్ని లోహంలోనే గుచ్చుకుని ఉండిపోవడం ఇందులోని లోపం.

ఆపైన చల్లబడేటప్పటి తేడా ఒకటి. ఒక్క డిగ్రీ తగ్గితే మీటరు పొడవు టైటానియం మిశ్రలోహం సుమారు 9 మైక్రాన్లు కుంచించుకుంటుంది. హైడ్రాక్సీ అపటైట్ 11 నుంచి 15 మైక్రాన్ల దాకా. దాంతో పూతలో ఒత్తిడి మిగిలిపోతుంది, పూత మందమైనకొద్దీ పెచ్చులూడే ప్రమాదం పెరుగుతుంది. అంతకన్నా మొండి సమస్య మొదటి పొరది. చల్లని లోహాన్ని తాకగానే గడ్డకట్టడంతో అది స్ఫటికంగా మారే వ్యవధి ఉండదు. ఇలాంటి అస్ఫటిక పదార్థం శరీర ద్రవాల్లో త్వరగా కరుగుతుంది. అంటే పట్టు ఎక్కడ కావాలో సరిగ్గా అక్కడే పూత బలహీనం.

స్ప్రే చేశాక మళ్లీ వేడిచేసి స్ఫటికాలు పెంచడం ఒక మందు. వేడి మోతాదు మించితే పగుళ్లు వస్తాయి. నడుమ టైటానియా లేదా జిర్కోనియా పొర వేయడం మరొకటి. మైక్రో ఆర్క్ ఆక్సీకరణలో ఆక్సైడ్ పొర లోహం నుంచే పుడుతుంది కనుక పట్టు గట్టిగా ఉంటుంది. క్యోటో విశ్వవిద్యాలయంలో తడాషి కొకుబో బృందం స్ప్రేనే పక్కనపెట్టింది. టైటానియాన్ని 60 డిగ్రీల సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచి, 600 డిగ్రీల వద్ద వేడిచేస్తే సోడియం టైటనేట్ పొర ఏర్పడుతుంది. దానిపై అపటైట్ శరీర ద్రవంలోనే పేరుకుంటుంది. పూత వేయాల్సిన పనే లేని ఈ దారి అన్నిటిలోకీ తెలివైనది.

పట్టును కొలవడానికి పూతపై లోహపు దిమ్మెను జిగురుతో అతికించి, ఊడేదాకా లాగుతారు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 13779-2 కనీసం 15 మెగాపాస్కల్స్ కోరుతుంది. అయితే పూతలో రంధ్రాలుంటే జిగురు లోహం దాకా దిగి, లేని బలాన్ని చూపించగలదు. పొడి నమూనాకు వచ్చిన విలువ, ద్రవంలో వారాల తరబడి నానిన నమూనాకు రాదు. కాబట్టి నానబెట్టి పరీక్షించని పూతకు పట్టు పెరిగిందంటే, దాన్ని సగం ఫలితంగానే లెక్కించాలి.