ఛురీ పడని బక్రా

ఒకరి తప్పుకి ఇంకొకరి ఉద్యోగం ఊడితే ఇంగ్లీషు పేపర్లు అతన్ని 'స్కేప్‌గోట్' అంటాయి. మన ఇళ్లలో 'బలి కా బక్రా' అంటాం, తెలుగులో బలిపశువు. మతలబ్ ఒకటే గానీ, ఆ ఇంగ్లీషు లఫ్జ్ పుట్టిన కిస్సాలో ఆ మేక మెడ మీద ఛురీ పడనే లేదు.

కిస్సా తౌరాత్‌లోది. ఏడాదికోసారి హజ్రత్ హారూన్ (అలైహిస్సలాం) రెండు మేకల మీద చీట్లు వేయాలి. ఒకటి ఖుర్బానీకి. రెండోదాని తల మీద చేతులు పెట్టి, ఖౌమ్ గునాహ్‌లన్నీ ఒప్పుకుని, దాన్ని ప్రాణాలతో ఎడారిలోకి పంపేయాలి. ఇబ్రానీ మూలంలో ఈ మేక 'అజాజేల్ కోసం' అని ఉంది.

ఈ పేరు మనకి కొత్త కాదు. ఇబ్లీస్ మర్దూద్ కాకముందు అతని పేరు అజాజీల్ అని బయాన్లలో విన్నవాళ్లమే. ఖురాన్‌లో ఆ పేరు లేదు, తఫ్సీర్ రివాయతుల్లో ఉంది. యహూదీ పండితుల్లో కొందరు దాన్ని ఎడారి షైతాన్‌తో ముడిపెట్టారు, కొందరు కరకు కొండ అన్నారు. 1530లో తౌరాత్‌ని ఇంగ్లీషులోకి తెచ్చిన విలియం టిండేల్ మాత్రం ఆ లఫ్జ్‌ని రెండు ముక్కలుగా చదివాడు. 'ఏజ్' అంటే మేక, 'అజల్' అంటే వెళ్లిపోవడం. తప్పించుకుపోయే మేక, అంటే స్కేప్‌గోట్! పాత గ్రీకు, లాటిన్ తర్జుమాలూ దాదాపు ఇదే దారిలో నడిచాయి. కాబట్టి తప్పంతా టిండేల్ నెత్తిన వేస్తే అతన్నే స్కేప్‌గోట్ చేసినట్టవుతుంది.

ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో చర్చి ఇజాజత్ లేకుండా బైబిల్ తర్జుమా చేయడం జుర్మ్. ఇబ్రానీ నేర్పేవాళ్లూ అరుదే, యహూదీలను 1290లోనే దేశం నుంచి వెళ్లగొట్టారు మరి. టిండేల్ లండన్ బిషప్‌ని అడిగి చూశాడు, పని కాలేదు. 1524లో వతన్ విడిచాడు. 1535లో ఆంట్‌వెర్ప్‌లో, దోస్తీ నటించినవాడే పట్టిచ్చాడు. ఖైదులోంచి అతను రాసిన ఖత్ ఒకటి ఇప్పటికీ ఉంది. చలికి వెచ్చని టోపీ కావాలన్నాడు, రాత్రికి దీపం కావాలన్నాడు. అన్నిటికన్నా ముఖ్యంగా ఇబ్రానీ బైబిల్, వ్యాకరణం, నిఘంటువు ఇప్పించమన్నాడు. 1536లో గొంతు బిగించి చంపి, లాష్‌ని కాల్చేశారు. 1611లో జేమ్స్ బాద్షా హుకుంతో వచ్చిన బైబిల్‌లో మాత్రం టిండేల్ వాక్యాలు కుప్పలుగా ఉన్నాయి.

ఇబ్రానీ నడక లాటిన్ కన్నా ఇంగ్లీషుకే బాగా అతుకుతుందని టిండేల్ నమ్మకం. తరవాతి ముతర్జిమ్‌లూ చాలాచోట్ల మాటకి మాట దించేశారు. హజ్రత్ అయ్యూబ్ తాను 'పళ్ల తోలుతో' బయటపడ్డానంటాడు. పళ్లకి తోలేమిటో పండితులకే అంతుబట్టలేదు. అయినా 1560 జెనీవా బైబిల్ అలాగే దించింది, వెంట్రుకవాసిలో బయటపడ్డ ప్రతివాడూ ఇంగ్లీషులో ఆ మాటే అంటున్నాడు. ఒక్కచోట మాత్రం ఇంగ్లీషు తన పాత మాట వదల్లేదు. కనుగుడ్డు నడిమి నల్లని చుక్కని ఇబ్రానీ 'ఈషోన్' అంటుంది, అంటే చిన్న మనిషి. అరబీలో 'ఇన్సానుల్ ఐన్', ఉర్దూలో పుత్లీ, తెలుగులో కంటిపాప. ఇంగ్లీషు బైబిల్‌లో అది 'కంటి యాపిల్'!

ఇంతకీ ఆ మేక ఏమైంది? బైతుల్ మఖ్దిస్‌లో యహూదీల ఇబాదత్‌గాహ్ నిలిచి ఉన్న కాలంలో, ఎడారికి తోలుకెళ్లినవాడు దాన్ని కొండ మీంచి వెనక్కి తోసేసేవాడని వాళ్ల మిష్నా చెబుతుంది. అలా చూస్తే మన 'బలి కా బక్రా' మరీ గలత్ కాదు.