శాతం లెక్కలో 'దేని మీద' అన్నదే అసలు ప్రశ్న

కిలో 400 రూపాయలున్న ఖర్జూరం రంజాన్ ముందు 500 అయిందనుకుందాం. ఎంత శాతం పెరిగింది? 25. పండగ అయ్యాక మళ్లీ 400కి దిగింది. ఎంత శాతం తగ్గింది? ఇక్కడ కూడా 25 అని రాసేసేవాళ్లు చాలామందే. కానీ జవాబు 20. రెండుసార్లూ తేడా అదే వంద రూపాయలు, అయితే మొదటిసారి ఆ వందను 400తో భాగించాలి, రెండోసారి 500తో. మార్పు ఏ అంకె నుంచి మొదలైందో అదే బేస్. అది పెద్దదా చిన్నదా అన్నదానితో పనిలేదు, పాత విలువే కింద ఉండాలి.

రైల్వే, బ్యాంకు, గ్రూప్స్ ఏ పరీక్షకి ప్రిపేర్ అయ్యేవాళ్లయినా ఇది గట్టిగా పట్టుకోవాలి. పేపర్ తయారుచేసేవాళ్లకు ఈ పొరపాటు బాగా తెలుసు. జవాబు 20 అయితే ఆప్షన్లలో 25 కూడా కనబడుతుంది. ఆర్‌ఆర్‌బీ ఎన్టీపీసీలో తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత ఉంది కాబట్టి తొందరపడితే రెండు రకాలా నష్టమే.

ఇద్దరిని పోల్చే ప్రశ్నల్లో పాత, కొత్త అంటూ ఉండవు. 'సల్మా జీతం రజియా జీతం కంటే 25 శాతం ఎక్కువ. అయితే రజియా జీతం సల్మా జీతం కంటే ఎంత శాతం తక్కువ?' అని అడుగుతారు. ఇక్కడ 'కంటే' అన్న మాటకు ముందు ఎవరున్నారో చూడండి. మొదటి వాక్యంలో రజియా ఉంది, ఆమె జీతం 100 అనుకుంటే సల్మాది 125. రెండో వాక్యంలో 'కంటే' ముందు సల్మా వచ్చింది, కాబట్టి 25ను 125తో భాగించాలి. జవాబు 20 శాతం. తెలుగులో 'కంటే', 'మీద', 'తో పోలిస్తే' మూడూ బేస్ వెనకాలే వస్తాయి. ఇంగ్లిష్ పేపర్‌లో ఇది తిరగబడుతుంది, 'దాన్' తర్వాత వచ్చేదే బేస్. మీడియం మారినవాళ్లు తికమక పడేది ఇందుకే.

లాభనష్టాల్లో ప్రశ్న వేరేగా చెప్పనంతవరకు లాభం కొన్న ధర మీద, డిస్కౌంట్ ముద్రించిన ధర మీద. 80కి కొని 100కి అమ్మితే లాభం 25 శాతం. బీకాం చదివినవాళ్లు మాత్రం ఇక్కడ 20 అంటారు, ఎందుకంటే అకౌంట్స్‌లో గ్రాస్ ప్రాఫిట్ రేషియో అమ్మకాల మీద కడతారు. దుకాణంలో మార్జిన్ అన్నా చాలావరకు అదే లెక్క. రెండూ సరైనవే, బేస్ వేరు. పరీక్షలో మాత్రం 25 పెట్టాలి.

ఇక నిజ జీవితంలో దీని మీద అందరూ వాదించుకున్న సందర్భం 2025 సెప్టెంబర్ 22. ఆ రోజు నుంచి ఏసీలు, పెద్ద టీవీలు, సిమెంట్ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 'పది శాతం తగ్గింది కదా, పది శాతం తక్కువకు ఇవ్వు' అంటే దుకాణదారు ఒప్పుకోడు, అతని లెక్క కరెక్టే. పన్ను కాకుండా 25,000 ఉన్న ఏసీ అంతకుముందు 32,000 పడేది, ఇప్పుడు 29,500. తగ్గింది 2,500. మనం కట్టే పాత ధర 32,000 కాబట్టి అది 7.8 శాతమే. అదే పన్ను సొమ్మును మాత్రమే చూస్తే 7,000 కాస్తా 4,500 అయింది, అంటే 35.7 శాతం తగ్గినట్టు. మరి పది ఏమిటి? అది రెండు రేట్ల మధ్య తేడా, దాన్ని పది శాతం పాయింట్లు అనాలి. ప్రకటనల్లో, హెడ్డింగుల్లో ఈ మూడింటినీ కలిపేయడం మామూలైపోయింది.

అదే రోజు వ్యక్తిగత హెల్త్, లైఫ్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ పూర్తిగా తీసేశారు. అంతకుముందు పన్నుతో కలిపి 11,800 కట్టేవాళ్లు అందులో 18 శాతం, అంటే 2,124 తగ్గాలని లెక్కేసుకుంటారు. కానీ ఆ 18 శాతం వేసింది 10,000 మీద. అసలు ప్రీమియం మారకపోతే తగ్గేది 1,800. పన్ను కలిసిన మొత్తం నుంచి అసలు ధర కావాలంటే 18 శాతం తీసేయకూడదు, 1.18తో భాగించాలి. పాలసీ రెన్యూవల్ నోటీసు వస్తే పాత రసీదులో పన్ను ముందున్న అంకెతో ఒకసారి సరిచూసుకోండి. అది పెరిగి ఉంటే ఎందుకు పెరిగిందని ఏజెంట్‌ను అడగొచ్చు.